పదిహేడో మెట్టు

మా నాయన ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. అనంతపురం–కదిరి, అనంతపురం–తాడిపత్రి, పండగలప్పుడు బెంగళూరు స్పెషల్. కదిలే బస్సులో ఒక చేత్తో టికెట్లు, ఇంకో చేత్తో చిల్లర, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లను మోకాలితో లోపలికి నెడుతూ ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్కసారీ జారిపడలేదు. పడింది ఎక్కడయ్యా అంటే, బెంగళూరు మున్నెకొళాలలో మేం అద్దెకుండే ఇంట్లో, కదలని మెట్ల మీద, పొద్దున పదకొండు గంటలకు, ఎండ ఫెళ్లున కాస్తుండగా.

చేతిలో ఉతికిన బట్టల బుట్ట. మేడ మీది తీగలు ఓనరువాళ్లవి, మావి కింద కార్ పార్కింగ్ పక్కన. మెట్లు పదిహేడు. పదిహేడో మెట్టు మీద నిలబడి నేల మీద ఉన్నాననుకున్నాడు. తీగ వైపు మామూలుగా ఒక అడుగు వేశాడు. ఆ అడుగు కింద ఏమీ లేదు. బుట్ట ఒకవైపు, ఆయన ఒకవైపు. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట: "చూసుకుని దిగాల్సింది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. బుట్ట మోస్తున్న మనిషి ఏం చూస్తాడు? బుట్ట చూస్తాడు. నాయనకు చూపు తక్కువేమీ కాదు, నిరుడే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. రోడ్డు అవతలి బస్సు బోర్డు నాకంటే ముందు చదువుతాడు, అదీ కన్నడంలో. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. ఆ నిమిషంలో వాటికి వేరే పని ఉంది, అంతే.

మంచం మీద పడుకుని ఆయన అన్న మాట వేరు. "ఒరేయ్, బస్సులో ఐతే ఫుట్‌బోర్డు రేకు చప్పుడయ్యేది రా. కింది మెట్టు మీద కాలు పెడితే దడ్‌మనేది. దాని తర్వాత నేలేనని కాలికే తెలుసు. మీ మెట్లు మూగవి."

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం. మెట్లకు నోరు కావాలి. కానీ అన్ని మెట్లకూ కాదు, ఒక్కదానికే. ఆ చప్పుడు కూడా మన పాదమే చెయ్యాలి, మిషను కాదు.

ముందు టేపు సంగతి చెప్తా, లేకపోతే "మెట్లు సరిగ్గా కట్టుకోకుండా గంటలు కడతావా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాయన పడిన సాయంత్రమే టేపు పట్టుకుని కూర్చున్నా. పై మెట్లన్నీ ఏడేసి అంగుళాల ఎత్తు. పదిహేడో మెట్టు నుంచి నేలకు మాత్రం ఎనిమిదీ పావు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది, కాలు పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదంటుంది. మా చివరి మెట్టు 210. అదైనా అంత పెద్ద నేరం కాదు. అసలు నేరం, మిగతావన్నీ ఒక ఎత్తులో ఉండి అదొక్కటీ వేరుగా ఉండటం. అమెరికా కోడ్‌లలో ఒక వరుస మెట్లలో అన్నిటికంటే ఎత్తైనదానికీ పొట్టిదానికీ మధ్య తేడా 9.5 మిల్లీమీటర్లు మించకూడదని రాసుకున్నారు. చిటికెన వేలి మందమంత. మా ఇంట్లో తేడా 32.

ఇంత చిన్న తేడాకు అంత గొడవా అనిపిస్తే న్యూయార్కులో 36వ వీధి సబ్‌వే స్టేషన్ మెట్ల వీడియో గుర్తు చేసుకోండి. 2012లో బ్రూక్లిన్‌లోని ఆ స్టేషన్ నుంచి బయటికొచ్చే మెట్లలో ఒకే మెట్టు దగ్గర మనిషి వెనక మనిషి తట్టుకోవడం ఒకాయన వీడియో తీశాడు. ముసలివాళ్లు, పిల్లను ఎత్తుకున్న తండ్రి, సూటు వేసుకున్న ఆఫీసు మనిషి, అందరూ అక్కడే. కొలిస్తే ఆ మెట్టు మిగతావాటికంటే అర అంగుళమో అంతకంటే తక్కువో ఎత్తు. వీడియో బయటికొచ్చాక అధికారులు ఆ మెట్లు మూసి బాగు చేశారు. అప్పటిదాకా పడ్డవాళ్లంతా తమదే తప్పనుకుని బట్టలు దులుపుకుని వెళ్లిపోయారు.

మెట్లు దిగడం నిజానికి చూసే పని కాదు. మొదటి రెండు మెట్లు చూస్తాం, వాటి కొలత కాలికి అందుతుంది, ఆ తర్వాత కాలు ఆ కొలతనే నమ్మి దిగిపోతుంది. 17వ శతాబ్దంలో బ్లాండెల్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఈ కొలతకే సూత్రం కట్టాడు: మెట్టు ఎత్తును రెండింతలు చేసి వెడల్పు కలిపితే మనిషి అడుగంత రావాలి, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 60 నుంచి 65 సెంటీమీటర్లు. మా మేస్త్రీలు ఈ పేరు వినకపోయినా ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు అని కళ్లు మూసుకుని చెప్పేది ఆ లెక్కే. కాబట్టి మెట్ల మధ్యలో మనం పెద్దగా పడం. పడేది మొదలయ్యేచోట, ముగిసేచోట. కాలు లెక్క మార్చుకోవలసింది అక్కడే కదా.

మా ఇంట్లో ఇంకో తద్దినం కూడా ఉంది. మెట్లకూ పార్కింగుకూ ఒకే బూడిదరంగు సాదరహళ్లి గ్రానైట్ పరిచారు. పైనుంచి చూస్తే చివరి మెట్టు అంచు నేలలో కలిసిపోతుంది. తిరుమల నడకదారిలో మొక్కుకున్న ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతూ ఎక్కుతారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. భక్తి సంగతి అలా ఉంచండి, రాయికి రాయికి తేడా తెలిసేలా పసుపు గీత గీయడం ఇంజనీర్లు కనిపెట్టిందేమీ కాదు.

ఓనరు మంచాయనే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "ఇరవై ఏండ్లుగా ఎవురూ పళ్లేదు సార్" అన్నాడు మొదట. తర్వాత టేపు ఆయన చేతికే ఇచ్చా. కాసేపు కొలిచి, మేస్త్రీని రెండు బూతులు తిట్టి, మెట్ల కింద ఒక నల్ల కడప బండ వేయించడానికి ఒప్పుకున్నాడు. దాంతో ఎత్తు సరిపోయింది, నలుపు మీద బూడిద అంచు తేలింది. పసుపు పెయింటు గీత నేనే వేశా. చాలామంది ఇక్కడితో ఆగొచ్చు, ఆగితే తప్పు లేదు కూడా. కానీ బుట్ట అలాగే ఉంది. రాత్రి కరెంటు పోవడం అలాగే ఉంది. వాటర్ క్యాన్ భుజాన వేసుకుని దిగే కుర్రాడికి కడప బండ నలుపైతేనేం, ఎరుపైతేనేం?

ఇక్కడే చెవి అక్కరకొస్తుంది. మెట్లు దిగేటప్పుడు కళ్లకు నూరు పనులుంటాయి: బుట్ట, పిల్ల, ఫోను, ఎదురొచ్చే మనిషి. చెవి ఖాళీగా ఉంటుంది. పైగా కంటికంటే చెవికి స్పందన వేగం. దీపం వెలగగానే మీట నొక్కమంటే మనిషికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, చప్పుడు వినగానే నొక్కమంటే అంతకంటే కొంచెం ముందే నొక్కుతాడు.

కానీ ఈ వేగాన్ని చూసుకుని మురిసిపోకూడదు. మా పాత చివరి మెట్టు ఎత్తు నుంచి కాలు గాల్లో పడిపోవడానికి పట్టే సమయమూ సెకనులో ఐదో వంతే, హైస్కూలు ఫిజిక్సు లెక్క. అంటే తప్పడుగు పడ్డాక మోగే హెచ్చరిక శవానికి వైద్యం. చప్పుడు ముందే రావాలి. నేల తాకాక కాదు, నేలకు ముందు మెట్టు తాకినప్పుడు.

నేను చేసిన మొదటి వెధవపని ఎలక్ట్రానిక్స్. ఎస్పీ రోడ్డుకు వెళ్లి మనిషి కదలికను పసిగట్టే సెన్సారు, బజరు, బ్యాటరీ డబ్బా కొనుక్కొచ్చి చివరి మెట్టు పక్క గోడకు అంటించా. రెండు రోజులు గొప్పగా కూసింది. మూడో రోజు ఓనరువాళ్ల పిల్లి మెట్ల కింద కాపురం పెట్టింది. నాయన వాకర్‌తో నెమ్మదిగా మూడు మెట్లు పైన ఉండగానే కీచుమని మోగింది. ఆయన ఆగి, పిల్లిని చూసి, నన్ను చూసి, "నీ ఉద్యోగమేందిరా?" అని అడిగాడు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎలా పాడవుతుందో ముందే ఊహించడానికి నాకు జీతమిస్తారు. ఆ రాత్రి సిగ్గుపడి కాగితం తీసుకుని కూర్చున్నా.

మెట్ల మీద మనిషి చేసే పొరపాట్లు రెండు. లేని మెట్టు ఉందనుకోవడం ఒకటి. కాలు నేలకు ధన్‌మని గుద్దుకుంటుంది, వెన్ను జిల్లుమంటుంది, నవ్వుకుని వెళ్లిపోతాం. ఉన్న మెట్టు లేదనుకోవడం రెండోది. అది నాయన చేసింది. అది ఎముకలు విరిచేది. కాబట్టి మనం పెట్టే చప్పుడు పాడైపోతే మనిషి మొదటి పొరపాటులోకి జారాలి తప్ప రెండోదాంట్లోకి జారకూడదు.

ఇప్పుడు చూడండి. చివరి మెట్టు ఒక్కటే మోగుతుందనుకోండి. మోగిందంటే తర్వాతది నేల. మోగలేదంటే ఇంకా మెట్టు ఉంది. రేపు అది చెడిపోయి మోగడం మానేస్తే? మనిషి ఇంకో మెట్టుందని కాలు వెతుక్కుంటాడు, నేలకు గుద్దుకుంటాడు, తిట్టుకుంటాడు. బతికిపోతాడు. అదే, మెట్టు మెట్టుకూ మోగి నేల మీద మోగదనుకోండి. నడుమ ఒక మెట్టు మూగబోయిందా, నేలొచ్చిందనుకుని ధీమాగా నడుస్తాడు. ఇక బజరు మాటంటారా, పిల్లి నడిచినా మోగేది మోగినప్పుడల్లా మూడో మెట్టు మీదున్న మనిషికి "నేలొచ్చింది" అని అబద్ధం చెప్తున్నట్టు. అందుకే చప్పుడు చేసేది ఆ మెట్టు మీద పడే బరువే కావాలి.

2009లో స్టాక్‌హోమ్‌లోని ఓడెన్‌ప్లాన్ స్టేషన్‌లో వోక్స్‌వాగన్ కంపెనీ ప్రచారం కోసం మెట్లను పియానోలా మార్చింది. ప్రతి మెట్టుకూ ఒక స్వరం. పక్కనే ఎస్కలేటరుండగా మామూలుకంటే 66 శాతం ఎక్కువమంది మెట్లే ఎక్కారని వాళ్లు చెప్పుకున్నారు. ముచ్చటగానే ఉంది. మనకు అంతకంటే ముందే కుంభకోణం దగ్గర దారాసురంలో, 12వ శతాబ్దంలో రెండో రాజరాజ చోళుడి కాలంలో కట్టిన ఐరావతేశ్వరాలయంలో, బలిపీఠం మెట్ల రాళ్లు తడితే స్వరాలు పలుకుతాయి. ఇప్పుడు వాటి చుట్టూ కటకటాలున్నాయి. రెండూ సంగీతమే, హెచ్చరిక కాదు. అన్నీ పలికేచోట చివరిది ఏం చెప్పినా వినబడదు. మా ఆఫీసు లిఫ్టు రోజుకు వెయ్యిసార్లు తలుపులు మూసుకుంటున్నాయని చెప్తుంది. ఎవరైనా వింటారా?

మా టీములో చూపులేని సహోద్యోగి ఒకాయన ఉన్నాడు, కర్నూలువాడు. ఇదంతా ఆయనకు ఉత్సాహంగా చెప్తే చల్లగా విని, "చివరి మెట్టు సంగతి నా కర్ర చూసుకుంటుంది బ్రదర్. అసలు మెట్లెక్కడున్నాయో దూరం నుంచి చెప్పేది కావాలి నాకు" అన్నాడు. మెట్రోలో కాళ్లకింద పసుపురంగు బుడిపెల టైల్స్ ఉంటాయి కదా. సెయిచీ మియాకె అనే జపానాయన 1965లో తయారు చేసినవి, 1967లో ఒకాయామాలో మొదట పరిచారు. అవి దారి చూపిస్తాయి, కానీ వాటి మీదికి వచ్చాకే. జపాన్ స్టేషన్లలో ప్లాట్‌ఫాం మెట్ల దగ్గర పిట్టల కూత వినిపిస్తుంటుంది, మెట్లు ఈ వైపని చెప్పడానికి. ఆ చప్పుడు వేరు, నేను చెప్పే చప్పుడు వేరు. ఒకటి పిలిచేది, ఒకటి దింపేది. రెండింటినీ ఒక డబ్బాలో పెట్టి కీచుమనిపిస్తే రెండూ పోతాయి. ఆయన మాట విన్నాకే ఈ తేడా నా బుర్రకెక్కింది.

చివరికి మా వీధి చివర వెల్డింగ్ షాపుకెళ్లా. హిందూపురం అబ్బాయి. నేను బొమ్మ గీసి చూపిస్తుంటే నాయన వాకర్ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుని, "చెకర్ ప్లేటు వేయబ్బా, బస్సులో వేస్తారే, అది" అన్నాడు. మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, మెట్టు కొలతకు కోశాడు. వెనక అంచు స్క్రూలతో బిగింపు. ముందు అంచు కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు, వాటి మధ్య రాయికి అంటించిన ఒక ఇనప పట్టీ. బరువు పడితే ట్యూబు నలిగి ప్లేటు పట్టీని తాకుతుంది. టక్. కదలిక రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాలు తీస్తే ఇంకోసారి, కాస్త మెత్తగా, టక్.

మా ఆవిడ మాత్రం మొదటి రోజు నమ్మలేదు. "కదిలే మెట్టు పెట్టి పడకుండా చేస్తానంటావా?" అంది. నిజమే, అనంతపురంలో మా పాత ఇంటి గడప ముందు ఒక తాడిపత్రి బండ ఊగేది, ఎవరొచ్చినా కటుక్కుమనేది, వంటింట్లోంచే అమ్మ "ఎవురది?" అనేది. కానీ ఆ బండ వానాకాలంలో ఇద్దరిని పడేసింది కూడా. ఊగేది వేరు, నలిగేది వేరు. ఆమె వారం రోజులు ఎక్కి దిగి, చివరికి ఇంకో సంగతి పట్టింది: చెవుల్లో పాటలు పెట్టుకుని దిగినా అరికాలికి తెలుస్తోందట. చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకూ అంతే. బజరుకు ఆ సుగుణం లేదు.

రాత్రి పూట చప్పుడుకు ఓనరు గొణుగుతాడేమో అనుకున్నా. ఆయనకు నచ్చింది. ఎవరెప్పుడు వస్తున్నారో తెలుస్తోందట. క్యోటోలో నిజో కోట వసారాలు నడిస్తే పిట్టల్లా కిచకిచలాడతాయి, చెక్కల కింది మేకులు రాసుకుని. అక్కడికెళ్లినవాళ్లందరికీ అది దొంగల కోసం పెట్టిందని కథ చెప్తారు. మా ఓనరు ఆ కథలో పుట్టాల్సిన మనిషి.

నిచ్చెన దిగేవాడికీ ఇదే చిక్కు, దాని సంగతి రెండు ముక్కల్లో. మా బిల్డింగుకు రంగులేసినప్పుడు ఇద్దరొచ్చేవాళ్లు. పైనవాడు దిగుతుంటే వీపు మనకు, ముఖం గోడకు, కిందిది కనబడే దారే లేదు. నిచ్చెన పట్టుకున్నవాడు నోటితో చెప్పేవాడు: "రెండుంది... ఒకటుంది... నేల." అంతకు మించిన సెన్సారు నేను చూడలేదు. రెండో వారం కాంట్రాక్టరు పట్టుకునేవాడి కూలీ మిగుల్చుకోవడానికి ఒక్కణ్నే పంపాడు. అమెరికాలో ఒక నిచ్చెనల కంపెనీ కింది మెట్టు తొక్కగానే క్లిక్కుమనేలా తయారు చేసి అమ్ముతోంది. పనివాళ్ల భద్రత మీద పరిశోధన చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ నియోష్ 2013లో ఒక ఫోన్ యాప్ కూడా తెచ్చింది, నిచ్చెన వాలు సుమారు 75 డిగ్రీలకు, అంటే నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడానికి, వచ్చేదాకా శబ్దంతో దారి చెప్తుంది. మంచివే. మన దగ్గర మాత్రం ముందు ఆ రెండో మనిషి కూలీ ఇవ్వండి. ఆ నోరు తీసేసి క్లిక్కు కొనమంటే నేను ఒప్పుకోను.

ఇది రైల్వే వంతెనలకు, మెజెస్టిక్ బస్టాండు లాంటి జనసందోహానికి పనికిరాదు, నాకు తెలుసు. పదిమంది పాదాల కింద టకటకలాడితే ఏ చప్పుడు ఎవరిదో తెలియదు. అక్కడ వెలుగు, రంగు అంచు, గట్టి రైలింగు, అంతే. నేను చెప్పేది ఇళ్లకు, పీజీ హాస్టళ్లకు, ఇంటి పక్క సందులో నిటారుగా లేచే బెంగళూరు మెట్లకు.

పీజీ అంటే గుర్తొచ్చింది. మా వీధిలోనే ఒక పీజీ ఉంది, అందులో సగం మంది మనవాళ్లే, కడప, నెల్లూరు, ఖమ్మం. మెట్లు చీకటిగుహ. వార్డెను మా ప్లేటు చూసి ముచ్చటపడి తమకూ కావాలన్నాడు. ముందు రెండు బల్బులు వేయించు, తర్వాత చివరి మెట్టుకు ఒక్క ప్లేటు, అని విడమరచి చెప్పి వెల్డింగ్ షాపు చూపించా. పది రోజులాగి వెళ్తే కిందినుంచి పైదాకా ప్లేట్లు మిలమిలా మెరుస్తున్నాయి. "మెట్టుకొకటి వేయిస్తే ఇంకా సేఫ్ కదన్నా!" అన్నాడు. ఆ మెరుపంతా నా ఫోన్ టార్చి వెలుగులో చూశా. బల్బులు ఇంకా వేయలేదు.